ఆ నాలుగు రోజుల కోసం వెళ్లండి, వేలిముద్రల కోసం వద్దు

మా అమ్మాయి నల్గొండలో బీబీఏ, అంటే వ్యాపార నిర్వహణ డిగ్రీ, చదివింది. ఈ వేసవిలోనే పూర్తయింది. చివరి సంవత్సరంలో ఉండగా సంక్రాంతికి ఇంటికి వచ్చిన చుట్టాలందరూ తనను ఒకటే అడిగారు: “ఇది చదివితే ఏమవుతావమ్మా?” నర్సింగ్ చదివితే నర్సు, బీఈడీ చదివితే టీచరు అని అందరికీ తెలుసు. బీబీఏకు అలాంటి జవాబు లేదు. “మేనేజర్” అని తను చెప్పింది. “దేనికి మేనేజర్?” అని మా పెద్ద బావగారు అడిగేసరికి పిల్ల ముఖం చిన్నబోయింది. ఆయన ఎగతాళిగా అడగలేదు, తెలియక అడిగారు. నాకూ తెలియదు. ఆ రాత్రి తను పుస్తకం ముందు పెట్టుకుని పేజీ తిప్పకుండా కూర్చోవడం చూసి నాకు నిద్ర పట్టలేదు.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఉద్యోగాల సంగతి చెప్పే చోటు కోసం వెతికితే నల్గొండలో గడియారం సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక కేంద్రం ఉందని తెలిసింది. మేడ మీద రెండు గదులు. డిగ్రీ పిల్లలకు, ముఖ్యంగా కామర్స్, మేనేజ్‌మెంట్ చదివిన వాళ్లకు ఉద్యోగ మార్గాలు చూపిస్తామని బోర్డు. ఇక్కడ చెప్పబోయే వాటిలో గట్టిగా తప్పుపట్టేవి కూడా ఉన్నాయి కాబట్టి కేంద్రం పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు ప్రతి జిల్లా కేంద్రంలోనూ వెలుస్తున్నాయి. డబ్బు కట్టే ముందు దేనికి కడుతున్నారో తల్లిదండ్రులకు తెలియాలని రాస్తున్నాను.

మేము కట్టింది 8,000 రూపాయలు. పరీక్షలకు 3,000, మాట్లాడి సలహా ఇవ్వడానికి 1,500, ‘పని చూసే రోజులు’ నాలుగింటికి 3,500. రసీదు మీద మూడూ విడివిడిగా రాసి ఇచ్చారు. లెక్కలు రాసేవాడిని కాబట్టి అది నాకు నచ్చింది. ఏ రూపాయికి ఏమి దక్కిందో ఈరోజు చెప్పగలుగుతున్నాను.

మొదట పరీక్షల సంగతి. ఆ 3,000లో 2,000 వేలిముద్రల పరీక్షకే. పది వేళ్లనూ యంత్రం మీద పెట్టించి, వారం తర్వాత 34 పేజీల రంగుల నివేదిక ఇచ్చారు. ఎడమ మెదడు ఇంత శాతం, కుడి మెదడు ఇంత శాతం, నాయకత్వం ఇంత, సంగీతం ఇంత. చివరి పేజీలో ‘తగిన వృత్తులు’ అని పదిహేడు పేర్లు. పైలట్ కూడా ఉంది. అదే రోజు హాలియా నుంచి వచ్చిన ఒక అబ్బాయి నివేదిక, మాదీ పక్కపక్కన పెట్టి చదివాను. పదకొండు పేజీలు అక్షరం మారకుండా ఒకటే. పేరు, శాతాలు మాత్రం వేరు. వేలిముద్రలు తల్లి కడుపులోనే ఏర్పడి జీవితాంతం మారవన్నది నిజం. వాటిని బట్టి పిల్లల తెలివినీ వృత్తినీ చెప్పవచ్చు అనడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత మనోవైద్యుల సంఘమే ప్రకటించింది. ఈ సంగతి నాకు డబ్బు కట్టాక తెలిసింది. మీకు ముందే తెలియాలి. దయచేసి దీనికి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

రెండో పరీక్ష వేరు. అరవై ప్రశ్నలు, ప్రతి దానిలో ఒక పని రాసి ఉంటుంది, అది చేయడం నీకు ఇష్టమా కాదా చెప్పాలి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ మనుషుల ఆసక్తులను ఆరు రకాలుగా విడదీసిన పద్ధతి మీద తయారైనదట. ఇందులో జోస్యం లేదు. పిల్ల చెప్పిన జవాబులనే కూడి, ఒక వరుసలో పెట్టి తనకే చూపిస్తుంది. మా అమ్మాయికి లెక్క, వరుస, కాగితాలు సరిచూడటం వంటి పనుల వైపు ఎక్కువ మొగ్గు కనిపించింది. మనుషులను ఒప్పించే పనులు రెండో స్థానంలో వచ్చాయి. తను ఆశ్చర్యపోయింది. నేను ఆశ్చర్యపోలేదు. చిన్నప్పుడు వాళ్ల అమ్మ కిరాణా చీటీని తనే మళ్లీ కూడి, దుకాణదారుడు నాలుగు రూపాయలు ఎక్కువ వేశాడని చెప్పిన పిల్ల.

సలహా ఇచ్చిన మేడమ్ మంచి మనిషి. పిల్లతో గంటన్నర మాట్లాడారు, నన్ను బయట కూర్చోమన్నారు. తర్వాత లోపలికి పిలిచి, “మీ అమ్మాయి హెచ్‌ఆర్ అంటోంది సార్, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగం. హెచ్‌ఆర్‌లో ఏమి చేస్తారని అడిగితే ఇంటర్వ్యూలు అంటోంది. ముందు చూడనివ్వండి, ఆ తర్వాత ఎంచుకోనివ్వండి” అన్నారు. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోవడం ఎలాగో దగ్గరుండి చూపించారు. అది పూర్తిగా ఉచితమని, నమోదుకు డబ్బు అడిగే వాళ్లను నమ్మవద్దని కూడా ఆవిడే చెప్పారు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ సంగతి కూడా వివరించారు: 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పు జవాబుకు మార్కులు తగ్గవు. ఎంబీఏ చేయాలా వద్దా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. నాలుగు రోజులూ అయ్యాక మళ్లీ రమ్మన్నారు. ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మొదటి రోజు నల్గొండలోనే ఒక ఆడిటర్ గారి ఆఫీసు. కావాలనే నెల 19వ తేదీకి పెట్టారు. వ్యాపారులు నెలనెలా పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీ త్రీబీ రిటర్న్‌కు 20 గడువు. ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్లిన నలుగురు పిల్లలనూ ఒక్కొక్క గుమాస్తా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఉపన్యాసం లేదు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటే పిల్లలు చూడాలి, అడగాలి, ఇచ్చిన చిన్న పని చేయాలి.

మా అమ్మాయి సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా చెప్పడం మొదలుపెట్టింది. అమ్మిన వ్యాపారి 11వ తేదీలోపు తన అమ్మకాల రిటర్న్ వేస్తేనే కొన్న వ్యాపారికి 14న వచ్చే టూబీ అనే కొనుగోళ్ల పన్ను జాబితాలో ఆ బిల్లు కనిపిస్తుందట. కనిపించకపోతే కొన్నప్పుడు కట్టిన పన్నుకు క్రెడిట్, అంటే తగ్గింపు, ఆ నెల రాదు, సొంత డబ్బు కట్టాలి. అందుకని మధ్యాహ్నమంతా ఆ గుమాస్తా ఫోన్ చేస్తూనే ఉన్నాడట: “అన్నా, మీ బిల్లు రాలేదు, వచ్చే నెలలోనైనా వేయండి” అని. ఒక సిమెంటు దుకాణదారుడు ఫోన్ ఎత్తకపోతే ఆ పని మా అమ్మాయికి ఇచ్చారు. మూడోసారికి ఆయన ఎత్తాడు. “నాన్నా, మూడేళ్లు పుస్తకంలో చదివిన వర్కింగ్ క్యాపిటల్ ఇవాళ ఫోన్‌లో విన్నాను” అంది. రోజువారీ వ్యాపారం నడవడానికి చేతిలో ఉండాల్సిన డబ్బును అలా అంటారట. ఆ మాట విన్నప్పుడు 3,500 రూపాయలు ఆ ఒక్క రోజుకే సరిపోయాయనిపించింది నాకు.

ఆరోజే ఒక బియ్యం వ్యాపారి బిల్లులు తన చేతికి వచ్చాయి. బస్తాలన్నీ 26 కిలోలు. ఎందుకని అడిగితే ఆ గుమాస్తా, “మీ ఇంట్లో బియ్యం బస్తా ఎంతమ్మా?” అని ఎదురు ప్రశ్న వేశాడట. మా ఇంట్లోనూ 26 కిలోలదే. లేబుల్ వేసి 25 కిలోల వరకు కట్టిన బియ్యం మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వచ్చింది. అందుకే మార్కెట్‌లోకి 26 కిలోల బస్తా వచ్చింది. అలాంటి బస్తాల లెక్కే రోజూ రాసే నేను ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. పిల్లకు ఆసక్తి ఉండదనుకున్నాను. ఈ ఒక్క విషయంలో ఆ కేంద్రానికి నేను నిజంగా రుణపడి ఉన్నాను.

తర్వాతి ఆదివారం నేనే తనను మా మిల్లుకు తీసుకువెళ్లాను, యజమానిని అడిగి. లారీ కాటా దగ్గర నిలబెట్టి మొదలుపెట్టాను. ధాన్యం తేమ 17 శాతం దాటితే ఏమవుతుంది, ప్రభుత్వ ధాన్యం క్వింటాలు ఆడిస్తే పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఎలా తిరిగి ఇవ్వాలి, తవుడు నూనె మిల్లుకు, ఊక బాయిలర్‌కు ఎలా పోతాయి, నూకల ధర పడిపోతే మొత్తం లెక్క ఎలా తలకిందులవుతుంది అన్నీ చూపించాను. హమాలీల మేస్త్రీతో అరగంట మాట్లాడింది. అది కేంద్రం కార్యక్రమంలో లేదు, కానీ వాళ్లు మొదలుపెట్టకపోతే జరిగేది కాదు.

రెండో రోజు చౌటుప్పల్ వైపు ఒక మందుల కంపెనీలో హెచ్‌ఆర్ విభాగం. తను ఎదురుచూసిన రోజు అది. అక్కడ తనకు కనిపించిన హెచ్‌ఆర్ వేరు. ఉదయం షిఫ్టు బస్సు ఆలస్యమైతే ఎవరి హాజరు ఎలా వేయాలి, క్యాంటీన్ టోకెన్లు ఎందుకు తక్కువ పడ్డాయి, ఒడిశా నుంచి వచ్చిన ఒక కార్మికుడి పేరు ఆధార్‌లో ఒకలా పీఎఫ్‌లో ఒకలా ఉంటే డబ్బు తీసుకోవడానికి ఎన్ని కాగితాలు కావాలి. జీతంలో పీఎఫ్ 12 శాతం కార్మికుడిది, అంతే యాజమాన్యానిది. కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐలో కార్మికుడి వాటా 0.75, యాజమాన్యం వాటా 3.25 శాతం, నెల జీతం 21,000 వరకు ఉన్న వాళ్లకు. ఈ అంకెలు తను పరీక్షలో రాసింది. కానీ జీతం 21,000 దాటిన ఒక మనిషి వచ్చి, “ఇక మా అమ్మకు ఆసుపత్రి కార్డు ఉండదా మేడమ్?” అని అడగడం ఆ రోజే చూసింది. ఈఎస్ఐ ఏడాదిని రెండు ఆరు నెలల కాలాలుగా విడదీస్తారు. జీతం మధ్యలో పెరిగినా ఆ కాలం ముగిసే వరకు చందా కొనసాగుతుంది. హెచ్‌ఆర్ అధికారిణి ఆ సంగతి అతనికి నిదానంగా వివరించిన తీరు మా అమ్మాయికి బాగా నచ్చింది. “ఆ పని నేను చేయగలను నాన్నా. కానీ ఇంటర్వ్యూలు చేయడం కోసం కాదు” అంది. నాకు అది పెద్ద మార్పుగా తోచింది.

ఇక్కడ ఒక ఫిర్యాదు. ఆరోజు భోజనం మనమే తీసుకురావాలన్న సంగతి ముందు చెప్పలేదు. వ్యాన్ తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మేడమ్ వెంట ఉన్నారు, ఆడపిల్లలను బస్‌స్టాండ్ వరకు దింపారు, అది సరే. కానీ పల్లెల నుంచి వచ్చే పిల్లలకు చివరి బస్సు పోతే ఎలా?

మూడో రోజు పోచంపల్లి. చీరల కోసం ఎన్నోసార్లు విన్న ఊరే, ఆ ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పుస్తకంలో కూడా ఉంది. పిల్లలు చూసింది మగ్గాలతో పాటు ఆర్డర్ల పుస్తకాన్ని. ఇక్కత్‌లో నూలును నేయకముందే కట్లు కట్టి రంగు వేస్తారు. కాబట్టి ఆర్డర్ ఇచ్చిన దుకాణం మధ్యలో ‘ఆ అంచు వద్దు, వేరే రంగు’ అంటే మార్చడానికి లేదు. నూలు కొన్న డబ్బు, రంగు డబ్బు, నేతగాడి కూలి అన్నీ అప్పటికే అందులో ఉన్నాయి. ఆ వ్యాపారం చూసుకునే ఆయన బేరం మాట్లాడుతూ ఏ మాట ముందు ఒప్పుకోవాలో, ఎంత అడ్వాన్సు తీసుకోవాలో పిల్లలకు చెప్పారట. ఇక్కత్‌లా అచ్చు వేసిన నకిలీ గుడ్డను కొనేవాళ్లకు ఎలా పోల్చి చూపించాలో కూడా: అసలైన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మార్కెటింగ్ అంటే ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టడమని అనుకుంటున్న ఒక అబ్బాయి ఆరోజు నోటుపుస్తకం నిండా రాసుకున్నాడని అమ్మాయి చెప్పింది.

నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు యంత్రం కూడా చూపించారు. తల్లి రోజంతా చేయి ఊపుతూ ఆసు పోయలేక భుజం నొప్పితో బాధపడటం చూసి చింతకింది మల్లేశం ఆ యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఒక పనిలో ఎక్కడ సమయం పోతుందో, ఎక్కడ మనిషి శరీరం అరిగిపోతుందో కనిపెట్టడం కూడా మేనేజ్‌మెంట్ చదువులో భాగమేనని వాళ్ల లెక్చరర్ ఎన్నడైనా చెప్పారా అని అడిగాను. ఆపరేషన్స్ అనే పేపర్‌లో ఉందట, కానీ ఉదాహరణలన్నీ జపాన్ కార్ల ఫ్యాక్టరీలవట.

నాలుగో రోజు రెండుగా పంచారు. ఉదయం ఒక విశ్రాంత బ్యాంకు మేనేజర్, ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో పనిచేసే యువకుడు మాట్లాడారు. మేనేజర్ గారు బ్యాంకు పరీక్షల గురించి నాలుగు మాటల్లో చెప్పాల్సింది చెప్పేశారు: బ్యాంకు అధికారి ఉద్యోగాల పరీక్ష ఐబీపీఎస్ పీవోకు ఏ డిగ్రీ అయినా చాలు, వయసు 20 నుంచి 30, ప్రిలిమ్స్‌లో గంటలో 100 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. గ్రామీణ బ్యాంకుల పరీక్షలను 2019 నుంచి తెలుగులోనూ రాయవచ్చు. తర్వాత పంట రుణం గురించి చెప్పారు: 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, సమయానికి కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఆ ఒక్క సంగతి రైతుకు అర్థమయ్యేలా చెప్పగలిగిన వాడు పల్లె బ్రాంచిలో నిలబడతాడని అన్నారు. రైతు సంఘం యువకుడి మాటలు నాకు కొత్త. కేంద్ర ప్రభుత్వం 2020లో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు పథకం పెట్టి, ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చుల కింద మూడేళ్లలో 18 లక్షల వరకు ఇస్తోందట. సంఘానికి లెక్కలు, కొనుగోళ్లు, అమ్మకాలు చూసే ముఖ్య కార్యనిర్వహణాధికారి కావాలి. బత్తాయి, పత్తి, వేరుశనగ పండే మన జిల్లాల్లో మేనేజ్‌మెంట్ చదివిన పిల్లలు ఈ పని గురించి వినకుండానే హైదరాబాద్ బస్సు ఎక్కుతున్నారు.

మధ్యాహ్నం చేసిన పని మాత్రం క్షమించలేనిది. ‘స్టాక్ మార్కెట్‌లో కెరీర్’ అంటూ ఒకాయనను పిలిచారు. గంటసేపు మాట్లాడి, చివరికి 15,000 రూపాయల ట్రేడింగ్ కోర్సుకు ఫారాలు పంచాడు. షేర్ల ధరలు ముందు ముందు ఎలా మారతాయో అంచనా వేసి చేసే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో తన అధ్యయనంలో చెప్పింది. ఆ మాట ఆయన నోట రాలేదు. బ్రోకరేజీ సంస్థలో నియమాలు చూసే ఉద్యోగం, మ్యూచువల్ ఫండ్ ఆఫీసులో లెక్కల ఉద్యోగం, వీటి గురించి చెప్పి ఉంటే ఉపయోగం. పిల్లల దగ్గర డబ్బు పెట్టించి ఆడించడం వృత్తి కాదు. మరుసటి రోజే వెళ్లి నిర్వాహకుడితో గట్టిగా మాట్లాడాను. ఇకమీదట ఆయనను పిలవబోమని చెప్పారు. నిలబెట్టుకుంటారో లేదో వెళ్లే వాళ్లు చూడాలి.

ఇంకొక లోటు కూడా చెప్పాలి. నాలుగు రోజుల్లో ఒక్కరోజైనా అమ్మకాల ఉద్యోగం చూపించలేదు. మా కాలనీలో ఈ చదువు చదివిన నలుగురు కుర్రాళ్లలో ముగ్గురికి మొదట దొరికింది అదే: ఒకరు మైక్రోఫైనాన్స్ వసూళ్లు, ఒకరు బీమా, ఒకరు ఎరువుల కంపెనీ తరఫున దుకాణాలు తిరగడం. ఎండలో బండి మీద రోజుకు ఎన్ని ఊళ్లు తిరగాలో, నెలాఖరుకు టార్గెట్ అందకపోతే ఎలా ఉంటుందో పిల్లలు ముందే చూస్తే, ఇష్టపడే వాళ్లు ధైర్యంగా చేరతారు, పడని వాళ్లు వేరే దారి చూసుకుంటారు. ఈ సూచన రాసి ఇచ్చి వచ్చాను.

నాలుగు రోజుల తర్వాత మేడమ్ దగ్గరకు మళ్లీ వెళ్లాం. మా అమ్మాయి తనే ఒక కాగితం రాసుకుని వచ్చింది. ఒకవైపు ‘చేయగలను’, ఇంకోవైపు ‘చేయలేను’. రెండో వైపు మొదటి పేరు తను మూడేళ్లుగా కలగన్న కార్పొరేట్ హెచ్‌ఆర్. మేడమ్ దాన్ని కొట్టేయలేదు. ఏడాది పని చేశాక మళ్లీ చూసుకో అన్నారు. సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) చదువు సంగతి అడిగితే స్పష్టంగా చెప్పారు: డిగ్రీలో కామర్స్ వాళ్లకు 55, ఇతరులకు 60 శాతం మార్కులు ఉంటే ఫౌండేషన్ అనే మొదటి మెట్టు లేకుండా సీఏ ఇంటర్మీడియెట్‌లో చేరవచ్చు, ఆర్టికల్‌షిప్ అనే, ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ ఇప్పుడు రెండేళ్లు. కానీ అది నిర్ణయించే ముందు ఆరు నెలలు ఆ కుర్చీలో కూర్చుని చూడమన్నారు. ఎంబీఏ ప్రశ్నకు కూడా అదే జవాబు.

వెళ్లాలనుకునే వాళ్లకు నా మాట: వేలిముద్రలు వద్దని చెప్పి, అరవై ప్రశ్నల పరీక్ష, సలహా, నాలుగు రోజులు మాత్రమే అడగండి. 6,000 రూపాయలకు ఇస్తారు, నేను అడిగి తెలుసుకున్నాను. ఆడిటర్ ఆఫీసు రోజు 17 నుంచి 20వ తేదీ మధ్యలో ఉండేలా చూసుకోండి, ఇరవై తర్వాత వెళితే ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి. భోజనం కట్టి పంపండి. పిల్లల వెంట మీరు వెళ్లకండి. నేను వెళ్లి ఉంటే ఆ సిమెంటు వ్యాపారికి నేనే ఫోన్ చేసి ఉండేవాడిని.

మా అమ్మాయి పరీక్షలు అయ్యాక ఆ ఆడిటర్ గారి ఆఫీసులోనే జూన్ నుంచి పనికి వెళుతోంది. నెలకు 9,000 ఇస్తున్నారు. పొద్దున మిర్యాలగూడలో రైలెక్కి నల్గొండ వెళ్లి, సాయంత్రం తిరిగి వస్తుంది. మామూలు రోజుల్లో ఏడింటికి ఇల్లు చేరుతుంది. 18, 19, 20 తేదీల్లో బస్సుకు వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఆ మూడు రోజులూ నేను బండి తీసుకుని బస్‌స్టాండ్‌కు వెళుతున్నాను. ఇంటికి చేరే దాకా వెనక కూర్చుని ఆ రోజు ఎవరి బిల్లు కనిపించలేదో, ఎవరి క్రెడిట్ ఆగిందో చెబుతూనే ఉంటుంది.